చదివింపులు ఇక్కడేనా?

పెళ్ళిళ్ల పేరయ్యలు అబ్బాయిల కోసం ఊరూరా తిరిగినట్టు, ఇప్పుడు విదేశీ విశ్వవిద్యాలయాలు విద్యార్థుల కోసం తిరుగుతున్నాయి. అలాంటి ఒక విశ్వవిద్యాలయం తరఫు పేరయ్య పక్కన గొడుగు పట్టే పని మొన్న నాకు దొరికింది. నా వృత్తి అనువాదం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో మూడు రోజుల విదేశీ విద్యా మేళాలకు హెలెన్ అనే ఆవిడ వస్తోందనీ, ఆమె మాటలను తెలుగు చేయాలనీ ఏజెన్సీవాళ్లు అడిగారు. వాళ్లకు నాకన్నా మంచివాళ్లు దొరకలేదు. నాకు ఇంతకన్నా మంచి పని దొరకలేదు.

ఉదయం ఆరున్నరకు ఎల్బీనగర్‌లో సూర్యాపేట బస్సెక్కాం.

"మేడమ్ ఎందుకొచ్చింది సార్?" అన్నాడు కండక్టర్ టికెట్లు కొడుతూ.

"పిల్లల్ని తీసుకుపోవడానికి," అన్నాను నిద్రమత్తులో.

పక్క సీటులో కూర్చున్న తల్లి గబుక్కున బిడ్డను ఒళ్లోకి లాక్కుంది. అనువాదకుడిగా ఆ యాత్రలో నా తొలి విజయం అదే.

దారిలో హెలెన్ తన సంగతి చెప్పింది. చలిదేశంలో చిన్న ఊరు, చిన్న విశ్వవిద్యాలయం. కోత తర్వాత ధాన్యాన్ని పాడవకుండా నిల్వ చేయడం ఎలాగో ఆమె బోధిస్తుంది. ఈ ఏడు ఆ కోర్సులో ఒక్కరైనా చేరకపోతే దాన్ని మూసేస్తారు. దాంతోపాటు ఆమె ఉద్యోగమూ పోతుంది. అందుకే ఒక పూర్తి స్కాలర్‌షిప్ పట్టుకుని తనే బయలుదేరింది. బ్రోచర్‌లో ఆ స్కాలర్‌షిప్ వాక్యాన్ని తెలుగు చేసింది నేనే: "అర్హులైన ఒకరిని పూర్తి ఖర్చులతో మేమే చదివిస్తాం." పల్లెవాళ్లకు కూడా అర్థం కావాలని తేలిగ్గా రాశాను. ఆ తేలికతనం ఎక్కడ తేలుతుందో అప్పటికి నాకు తెలియదు.

సూర్యాపేట బస్టాండు దగ్గర ఇడ్లీ తిని ఫంక్షన్ హాలుకు చేరాం. జనం బాగానే వచ్చారు. బ్రోచర్ వేసి ఆ రోజు పంచడానికని మా బల్ల మీద పెట్టిన గుడ్డసంచులు గంటలో అయిపోయాయి. ఎందుకైనా మంచిదని ఒకటి దాచిపెట్టాను. హెలెన్ ముఖం వెలిగింది. సంచి పట్టుకెళ్లినవాళ్లు సీటు కోసం తిరిగి వస్తారని ఆమె నమ్మకం. మనవాళ్లు ఆ సంచులతో కూరగాయలకు వెళ్తారని నాకు తెలుసు.

ఒక పెద్దాయన కొడుకుతో వచ్చి అడిగాడు. "సదువు సంగతి తర్వాత సార్. గాడ పార్ట్ టైం దొరుకుతదా?"

దొరుకుతుందో లేదో చెప్పలేమంటూనే ధాన్యం నిల్వ గురించి నాలుగు మాటలు చెప్పాను.

"గింజలు దాసుడు నేర్సుకోనీకి విమానమెక్కాల్నా? మా తాత గుమ్మి కడితే పందికొక్కు సుట్టూ తిరిగి సలాం కొట్టి పోయేది!" అని కొడుకును పక్క బల్లకు లాక్కుపోయాడు.

"ఏమన్నారు?" అంది హెలెన్.

"ఈ విషయంలో వాళ్ల కుటుంబానికి మంచి అనుభవం ఉందట," అన్నాను.

రాత్రి అక్కడే లాడ్జిలో పడుకుని మర్నాడు ఎనిమిదింటికి కోదాడ బస్సు పట్టుకున్నాం. కోదాడలో ఒక అబ్బాయి బ్రోచర్ అంతా ఓపిగ్గా చదివాడు. హెలెన్ ఊపిరి బిగబట్టింది.

"అంతా బానే ఉందండి. కాకపోతే ఆ ఊళ్లో మనోళ్లెవరూ లేరంటగా. మరి వంటెవరు చేస్తారండీ?"

బ్రోచర్ మొత్తం తిరగేశాను, వంట సంగతి ఎక్కడా లేదు. రెండు రోజుల్లో ఒక్కరైనా ఈ కోర్సులో ఏం చెబుతారని అడగలేదు.

మూడో రోజు హుజూర్‌నగర్ మీదుగా పదింటికల్లా మిర్యాలగూడ చేరాం. ఫంక్షన్ హాలు మేడమీద మేళా, కింద పెళ్లి. దారి చూపే ఫ్లెక్సీ గాలికి తిరగబడి, పెళ్లికొచ్చినవాళ్లను పైకి పంపిస్తోంది. పేర్లు రాసుకునే బల్ల దగ్గర నేను కూర్చున్నాను. పట్టుచీర కట్టుకున్న ఒక పెద్దావిడ కవరు పట్టుకుని ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"సదివింపులు గీడనేనా సారూ?"

"ఇక్కడేనమ్మా. ఎవర్ని చదివించాలి?"

"ఇంకెవర్ని, పెండ్లిపిల్లను! నేను మేనత్తను. పెన్‌పహాడ్ రాములమ్మ అని రాయి."

రాసేశాను కూడా. "ఏ కోర్సమ్మా?"

ఆమె చుట్టూ చూసింది. "గిదేం పెండ్లయ్యా! పందిరి లేదు, పిల్ల లేదు, ఒక్కలన్న నవ్వుతలేరు!"

విషయం తెలిశాక పడీపడీ నవ్వింది. బోసిపోయిన మా బల్లనూ, హెలెన్ ముఖాన్నీ చూసి జాలిపడింది. "పాపం, దొరసాని వాడిపోయింది. ఇగ నడువుండ్రి, జర ఇంత బువ్వ తినిపోదురు."

కింద తలంబ్రాలు అయిపోయి చదివింపులు నడుస్తున్నాయి. ఎవరు ఏమిచ్చారో ఒకాయన మైకులో చదువుతున్నాడు. వట్టి చేతులతో భోజనానికి కూర్చోవడం హెలెన్‌కు నచ్చలేదు. నేను దాచిన ఆఖరి సంచి తీసుకుని వేదిక మీద ఇచ్చింది. మైకాయన సంచి తెరిచి బ్రోచర్ తీశాడు. నేను వద్దనేలోగా నా వాక్యం హాలంతా మోగింది. తొలిమాట ఒక్కటే మింగేశాడు.

"హెలెన్ మేడం గారి సదివింపులు... ఒకరిని పూర్తి ఖర్చులతో మేమే చదివిస్తాం! అంటే పెండ్లిపిల్లను ఫారిన్‌ల సదివిస్తరట!"

చప్పట్లు. నేను వేదిక వెనక్కి దారి వెతుక్కుంటున్నాను. అప్పుడు బాసికం కట్టుకున్న పెళ్లికూతురు సరిత తలెత్తింది.

"ఏం కోర్సు సార్? అండ్ల ఏం సెప్తరు?"

మూడు రోజులుగా హెలెన్ ఎదురుచూసిన ప్రశ్న. చెప్పాను.

"నేను అగ్రికల్చర్ బీఎస్సీ సార్. మా అత్తగారోళ్లది రైస్ మిల్లు. వానకాలం తేమకు బియ్యం రంగు మారుతదంట." అని హెలెన్ వైపు తిరిగి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. నాకు పని లేకుండా పోయింది.

కాగితాలు చూడాలి, అర్హత ఉంటే సీటు సరితదే అంది హెలెన్. ఆ ఒక్క మాట హాలు కోసం నేను తెలుగు చేశాను. అందరూ పెళ్లికొడుకు తల్లి వైపు చూశారు.

"ఇదేం లొల్లి వదినా! అత్తగారింట్ల కాలు పెట్టకముందే విమానమా?" అంది ఎవరో.

అత్తగారు సరిత వైపు తిరిగింది. "మైకుల సదివింది వాపస్ చేస్తమా? గింతమంది ముంగట సదివించినంక సదవకపోతే ఎట్ల బిడ్డా? మిల్లుల బియ్యం ఖరాబైతుంటే ఏడ్సేది నేనే గద!"

"మరి నేను?" అన్నాడు పెళ్లికొడుకు.

"నువ్ ఆమె ఎంబడి పోయి వంట నేర్సుకో," అంది రాములమ్మ. కోదాడ అబ్బాయి ప్రశ్నకు జవాబు దొరికింది.

సాయంత్రం సికింద్రాబాద్ రైల్లో కిటికీ పక్క సీట్లు దొరికాయి. హెలెన్ ఫోన్‌లో సరిత మార్కుల కాగితాలు అప్పటికే వచ్చేశాయి. వాటిని రెండుసార్లు చూసి, అర్హత ఉందంటూ కళ్లు తుడుచుకుంది. తర్వాత ఆ అత్తగారు ఏమందని అడిగింది. ఎంత తిప్పి చెప్పినా చదివింపు, చదువు ఇంగ్లీషులో రెండు దారుల్లో పోయాయి. అనువాదకుడిగా ఓడిపోయాను. బస్సులో తప్ప ఇంతకుముందు గెలిచిందీ లేదు.

మూడు ఊళ్లలో వందల సంచులు పంచితే ఒక్కటే తిరిగొచ్చింది. అందులో పెళ్లివాళ్లు పెట్టిచ్చిన రవికెగుడ్డ, కొబ్బరికాయ, రెండు అరటిపళ్లు ఉన్నాయి. రైలు నల్లగొండ దాటుతుండగా మేమిద్దరం చెరో పండు తిన్నాం.