పసుపు వెలుతురులో పదకొండు

చెన్నై చూలైలో ముప్పై ఎనిమిదేళ్లుగా చిన్న ల్యాబు నడుపుతున్న వరదయ్య చేతి మీదుగా పోయిన రక్తమంతా పోగేస్తే కూవం నది మూడుసార్లు పొంగేదట. ఈ లెక్క అతనిదే. ఇప్పుడు రక్తం కొలిచే యంత్రం సోమవారం నుంచి మూలపడింది. బాగుచేసేవాడు ‘ఇదిగో బయల్దేరా సార్’ అంటూ నాలుగు రోజులుగా ఫోనులోనే కాపురముంటున్నాడు.

విసుగ్గా అటక మీది పాత పెట్టె దించాడు. రక్తంలో ఆమ్లం కలిపితే వచ్చే గోధుమరంగును పోల్చి చూసే గాజుబిళ్ల అందులో రెండు ముక్కలై ఉంది. సరే, ఆ రంగు తనే చేద్దామనుకున్నాడు. నిన్న పెద్ద ల్యాబులో తన హిమోగ్లోబిన్ పద్నాలుగని తేలింది. అదే రక్తాన్ని ఆమ్లంలో పద్నాలుగో గీత దాకా పలచన చేసి, ఆ రంగుకు సరిపోయేలా మాడ్చిన చక్కెరను నీళ్లలో కలిపి వేరే గొట్టంలో పోశాడు. రక్తం రంగు మారిపోతుంది, చక్కెర రంగు నిలుస్తుంది.

ఎనిమిదిన్నరకు చేసిన రంగు తొమ్మిదింటికి తన తాజా రక్తంతో సరిపోలేదు. మళ్లీ చేశాడు. పదింటికి అదీ సరిపోలేదు.

బెంచీ మీద పక్కవీధి మునెమ్మ కూర్చుని ఉంది. రక్తం పది దాటితేనే రేపు హెర్నియా ఆపరేషనని డాక్టరు చెప్పాడు. ఆమెను చూసుకోడానికి కోడలు పనికి సెలవు కూడా పెట్టింది.

“ఏందన్నా, ఈడ రక్తం చూస్తావా, పాకం పడతావా?”

“నువ్వు కాసేపు నోరు మూసుకో తల్లీ!”

మూడో రంగుతో చూస్తే పదకొండు. మునెమ్మ చెప్పులేసుకుంది. వరదయ్య మాత్రం ఆమె కింది కనురెప్ప లాగి చూశాడు. కాగితంలా పాలిపోయి ఉంది. పోల్చడానికి బల్ల మీది తెల్లకాగితం వైపు చూస్తే, అది పసుపుగా ఉంది! తలెత్తాడు. కిటికీకి అడ్డంగా, తమిళుల ఆడి నెలకు వేసిన అమ్మవారి పందిరి గుడ్డ, పసుప్పచ్చగా.

“ఎవరు కట్టారిది?”

“నేనే. తెల్లారే కట్టించినా. అమ్మవారికి. బాగుండాది గదా?”

ఎండ ఎక్కేకొద్దీ గుడ్డలోంచి పడే వెలుతురు మారుతుంటే రంగులెలా కుదురుతాయి? పొద్దుటి చక్కెర కష్టమంతా వృథా! గొణుక్కుంటూ సరంజామా అంతా మిద్దె మీదికి మోసి, నీడపట్టున రంగు మళ్లీ చేసి, ఆమె వేలు మళ్లీ పొడిచాడు. ఎనిమిదిన్నర.

“కింద పదకొండు, పైన ఎనిమిదిన్నరా? మెట్లెక్కితే రక్తం ఆవిరైపాయనా?”

అతను డాక్టరుకు ఫోన్ చేశాడు. ఆపరేషన్ నెల వాయిదా. మునెమ్మ మెట్టు మీద కూలబడింది.

“పొద్దున ఏం తిన్నావు?”

“ఆడి నెలన్నా. మూడొందల మందికి కూళు పోసినా.”

“నువ్వు తాగావా?”

“అందరూ తాగినాక గదా నేను. అప్పటికి కుండ ఖాళీ. ఎప్పుడూ అంతే.”

వరదయ్య తల కొట్టుకున్నాడు. ఇంత కూళు, అంటే రాగి అంబలి, వండి వీధంతటికీ పోసి, తను మాత్రం వట్టి కడుపుతో రక్తపరీక్షకు వచ్చింది! కిందికి దిగి, పందిట్లోని కుండ అడుగు గీకి గ్లాసుడు తెచ్చి చేతిలో పెట్టాడు.

“తాగు. రేపటి నుంచి మొదటి గ్లాసు నీది. డాక్టరిచ్చే మాత్రలూ మానకు. ఆ గుడ్డ రెండడుగులు పక్కకు జరుపు.”

మునెమ్మ గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకుంది.

“అమ్మవారి గుడ్డ జరపకూడదన్నా. నీ కిటికీ జరుపుకో.”