కోనవలస ఘాట్‌లో డీజిల్ అయిపోయిన మధ్యాహ్నం

నాకు లారీ నేర్పింది మా బావ. మా అప్పని, అంటే అక్కని, చేసుకునేటప్పటికే సాలూరులో పేరున్న డ్రైవరు ఆయన. పదకొండేళ్లు ఇద్దరం ఒకే బండి మీద చేశాం. గరివిడిలో లోడు ఎత్తుకుని, సాలూరు మీదుగా ఘాటెక్కి, ఒడిశా దాటి రాయపూర్ వెళ్లేవాళ్లం. అక్కడ ఏది దొరికితే అది వేసుకుని వెనక్కి వచ్చేవాళ్లం. ఒకరు తోలుతుంటే ఇంకొకరు వెనక బెర్తు మీద పడుకోవడం మా పద్ధతి.

ఒడిశాలో డీజిల్ మనకంటే చవక. అందుకని అవతలి బంకు చేరడానికి సరిపడా మాత్రమే ఉంచుకోమని లారీ సొంతదారు, మా షావుకారు, చెప్పేవాడు. సాలూరు వదిలితే ఘాటంతా బంకు లేదు. లోడుతో ఎక్కుడు ఎక్కే బండి ఎంత తాగుతుందో ముందే చెప్పలేం. అందువల్ల సాలూరు దాటకముందు మీటరు ముల్లు చూసుకోవాలి, తక్కువగా ఉంటే అక్కడే కొంచెం పోయించుకోవాలి. బావ నాకు మొదట నేర్పింది అదే.

మూడేళ్ల కిందట ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం నేను బెర్తు మీద నిద్రపోతున్నాను. ఇంజిను రెండుసార్లు దగ్గినట్టు కొట్టుకుని ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికే మెలకువ వచ్చింది. కోనవలస ఘాట్‌లో సగం ఎక్కాక ఒక మలుపులో ఉన్నాం. ముందు దూకి వెనక చక్రాలకు రాళ్లు పెట్టాను. తిరిగి క్యాబిన్‌లోకి వచ్చి తాళం తిప్పి చూస్తే ముల్లు అడుగున పడుకుని ఉంది.

"ఏటి బావా, సాలూర్లో ముల్లు సూడలేదా?"

చూశాననే అన్నాడు. కాని నా వైపు చూడకుండా రోడ్డు వైపే చూస్తూ అన్నాడు. అయితే ఇప్పుడు ముల్లు ఎక్కడుందో చెప్పమన్నాను. ఎందుకలా అడిగానో నాకే తెలియదు. ఆయన స్టీరింగు మీదికి వంగాడు. ముక్కు మీటరు అద్దానికి తగిలేంత దగ్గరగా వంగాడు. చాలాసేపు అలాగే ఉండి మళ్లీ వెనక్కి వాలాడు.

"ఆరు నెల్ల నుంచి నాకు అగుపడతం నేదురా," అన్నాడు.

ఆయనకు ఎనిమిదేళ్లుగా షుగరు ఉంది. గుర్తున్నప్పుడు మాత్ర వేసుకునేవాడు, ట్రిప్పులో ఉంటే అదీ లేదు. మొదట కంటి ముందు నల్లటి దారాలు ఆడాయట. తర్వాత ఎడమ కన్ను పూర్తిగా పోయింది, కుడి కంటికి మధ్యలో మసక, అంచులే కొంచెం తెలుస్తాయి. ఈ దారి ఒంటికి తెలుసునని, ఎదురొచ్చే బండి నల్లటి ముద్దలా కనిపిస్తే పక్కకు తీస్తున్నానని చెప్పాడు. అప్పుడు నాకు ఒక్కొక్కటీ అర్థమవడం మొదలైంది. నంబరు కొట్టమని ఫోను నా చేతికివ్వడం, చెక్‌పోస్టు దగ్గర కాగితాలు నన్నే చూపించమనడం, టీ గ్లాసు పక్కన టీ పోసుకోవడం. ముసలోడివైపోతున్నావు బావా అని నేను నవ్వాను కూడా. ఆరు నెలలు ఆయన వెనకే హాయిగా నిద్రపోయాను.

షావుకారుకి చెప్పొద్దని బతిమాలతాడనుకున్నాను. ఆయన అది అడగలేదు.

"ఒరే, రామభద్రపురం దాటినాక ఆ సాయంత్రం గుద్దినాది... దూడే కదా?"

అప్పటికి రెండు నెలల కిందటి మాట అది. తిరుగు ట్రిప్పులో, పొద్దుగూకే వేళ, బండి ఒక్కసారి ఎగిరిపడితే లేచాను. దూడ అడ్డొచ్చిందని, ఆగితే జనం మూగిపోతారని బావ చెప్పాడు. నేను మళ్లీ పడుకున్నాను. గరివిడి చేరాక చూస్తే బంపరు ఒక పక్క సొట్టపోయి ఉంది. అంతకు మించి నేను చూసింది లేదు.

"దూడే బావా," అన్నాను.

"నువ్వు సూసావేటి?"

"సూసాను. అద్దంలో అగుపడింది."

ఆయన తలూపాడు. నమ్మాడో లేదో ఆ ముఖంలో తెలియలేదు.

కిందికి పోతున్న ఒక జీపు ఎక్కి సాలూరు వెళ్లి, తెలిసిన బంకులో క్యాన్‌తో డీజిల్ పట్టించుకుని, ఘాటెక్కుతున్న ఒకాయన బైకు వెనక కూర్చుని తిరిగి వచ్చాను. డీజిల్ పూర్తిగా అయిపోతే ఇంజిను పైపుల్లోకి గాలి చేరుతుంది. నట్టు వదులుచేసి, బుడగలు పోయేదాకా చేతిపంపు కొడుతూ ఉండాలి. బావ ఎండలో నా పక్కనే నిలబడి, ఎప్పుడు ఆపాలో చప్పుడు విని చెప్పాడు. అక్కడి నుంచి రాయపూర్ దాకా, మళ్లీ ఇంటి దాకా, నేనే తోలాను.

విశాఖపట్నంలో కంటి డాక్టరు మూడుసార్లు లేజరు చేసి, ఏడాది ముందు రావలసిందన్నాడు. పోయింది తిరిగి రాదని, ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేనని అన్నాడు. షావుకారుకి నేనే చెప్పాను. నా పక్కకి వేరే డ్రైవరు వచ్చాడు. మంచివాడే. కాని బెర్తు మీద నాకు నిద్ర పట్టదు. కళ్లు మూసుకుని అతని గేర్ల చప్పుడు వింటూ ఉంటాను.

ఆ వానాకాలం బైకు వేసుకుని రామభద్రపురం దాటి వెళ్లాను. చోటు సరిగ్గా తెలియదు. రోడ్డు పక్క టీ అమ్ముతున్న ఆవిడను, ఇక్కడ మొన్న వేసవి ముందు ఏదైనా ప్రమాదం జరిగిందా అని అడిగాను.

"ఏ నెల బాబూ?" అంది ఆవిడ. "మాగమాసంలో పొలం నుంచొత్తన్న ముసిలాయన పోయాడు. దానికి ముందు పాలకేన్లు ఏసుకెల్లే మనిసి. ఏ లారీయో ఎవులికి తెలుసు. గొడ్లయితే ఎవులు సెప్పుకుంటారు?"

పోయినవాళ్లు నీకేమవుతారని అడిగింది. ఎవరూ కారని చెప్పి టీ తాగేసి వచ్చాను. ఆ సాయంత్రం ఏ తేదీయో తెలుసుకోవాలంటే షావుకారు దగ్గర ట్రిప్పు పుస్తకం ఉంది. అడిగితే చూపిస్తాడు. ఈ మూడేళ్లలో నేను అడగలేదు.

బావకి ఇప్పుడు రెండు కళ్లూ లేవు. కాళ్లు కూడా వాచిపోతున్నాయి. పోయిన నెల వెళ్తే అప్ప ఇద్దరికీ అన్నం పెట్టింది. ఆమె లోపలికి వెళ్లాక ఆయన గొంతు తగ్గించాడు.

"అద్దంలో సూసానన్నావు. ఏ పక్క అద్దంలోరా?"

ఎడమ పక్క అద్దంలో అన్నాను. బెర్తు మీద పడుకున్నవాడికి ఆ అద్దం కనిపించదని నాకంటే ఆయనకే బాగా తెలుసు. అప్ప పప్పు గిన్నెతో వచ్చి, ఇద్దరూ తినకుండా కూర్చున్నారేమని అడిగింది.