చద్ది లేని పొద్దులు

మా నాన్న దృష్టిలో లోకంలో మనుషులు రెండే రకాలు. పొద్దున్నే చద్దన్నం తిని పనికి వెళ్లేవాళ్లు, ఆకలితో వెళ్లేవాళ్లు. పూరీలు తిన్నా, బ్రెడ్డు తిన్నా, గోల్‌బజార్ జిలేబీలు పొట్లం కట్టించుకుని తిన్నా, ఆయన లెక్కలో అంతా రెండో రకమే. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో కొలిమి దగ్గర సమ్మెట కొట్టే పని ఆయనది. పొద్దున మొదటి కూత వినబడేసరికి రాత్రి నీళ్లు పోసి ఉంచిన అన్నం, ఒక ఉల్లిపాయ, రెండు పచ్చిమిరపకాయలు ఆయన ముందుండాలి. అది తిని, గిన్నెలో మిగిలిన నీళ్లు కూడా ఎత్తి తాగి, మీసం తుడుచుకుని సైకిలెక్కేవాడు. అప్పటిదాకా ఆయనతో ఎవరూ మాట్లాడేవాళ్లం కాదు.

అలాంటి మనిషి ఉన్న ఇంట్లో బియ్యం లేకుండా పోయాయి.

అరవైల నడిమి సంగతి. నేను ఆరో క్లాసు. బెంగాల్లో బియ్యం ముందు ప్రియమయ్యాయి, తర్వాత కనబడకుండానే పోయాయి. రేషన్ షాపులో బియ్యం ఇచ్చే రోజు తెల్లారకముందే వరసలో సంచులు పెట్టేవాళ్లం. మా వంతు వచ్చేసరికి షాపువాడు గోధుమల బస్తా వైపు చెయ్యి చూపించేవాడు. బియ్యం ఇచ్చినా, నలుగురున్న ఇంటికి నాలుగు రోజులు వచ్చేవి కావు. మంచి నూనె, కందిపప్పు, కిరసనాయిలు, దేని దగ్గరికీ వెళ్లేలా లేదు. ఆదివారం పూట నాన్న సైకిల్ మీద సాలువా అవతలి పల్లెలకి వెళ్లి రైతులని అడిగేవాడు. మొదట్లో అడ్డెడో తవ్వెడో దొరికేవి. తర్వాత ఖాళీ సంచి హేండిల్‌కి తగిలించుకుని వచ్చేవాడు. దాన్ని చూసి మేం ఏమీ అడిగేవాళ్లం కాదు, అడిగితే మాకే మొట్టికాయలు.

ఇక గోధుమలతోనే బతకాలని తేలింది. పక్క క్వార్టర్లో ఉన్న బెంగాలీ దీదీ అమ్మకి రొట్టె ఒత్తడం నేర్పింది. ఆవిడా బియ్యం మనిషే, మా చద్దిలాగే వాళ్లకీ పొద్దున పాంతా భాత్ ఉండాలి. ఆవిడ కూడా నెల కిందటే ఎక్కడో నేర్చుకుంది. కనక గురువుదీ శిష్యురాలిదీ ఒకటే విద్య. అమ్మ రొట్టెలు ఒకటి ఒరిస్సాలా, ఒకటి సిలోన్‌లా వచ్చేవి. మొదటి రోజు నాన్న ఆరు రొట్టెలు చింతపండు పులుసులో ముంచి తిన్నాడు. తిన్న తర్వాత చెయ్యి కడుక్కోలేదు. అలాగే కూర్చుని ఉన్నాడు.

"ఇంకో రొట్టె వెయ్యమంటారేటి?" అంది అమ్మ.

"సాలు. అన్నం పెట్టు," అన్నాడు.

ఆకలి రుచి ఎరుగదని సామెత చెప్పినవాడెవడో మా నాన్నని చూసి ఉండడు. మాకు నవ్వొచ్చింది గానీ ఆయనకి నిజంగానే కష్టంగా ఉండేది. రొట్టె తిని వెళితే పది గంటలకే కళ్లు బైర్లు కమ్ముతున్నాయనేవాడు. ఉక్కపోతకి తోడు కొలిమి వేడి, పైగా కడుపులో చల్లదనం లేదు. కొడుకు ముఖం చూసి మా నాన్నమ్మ ఓర్చుకోలేకపోయింది. ఆవిడ శ్రీకాకుళం జిల్లా పల్లెటూరి మనిషి. తాతయ్య ఈ ఊళ్లో రైల్వే ఖలాసీగా చేరినప్పుడు వచ్చింది, ఆయన పోయినా ఇక్కడే ఉండిపోయింది.

"సద్దంటే ఏటి? రేతిరిది పొద్దున్న తినడవే గదా. రొట్టెకి మాత్తరం నీళ్లు పోస్తే సద్దవదేటి?" అంది.

అని, నాలుగు రొట్టెలు తుంచి గిన్నెలో వేసి, నీళ్లు పోసి, ఉప్పు వేసి, మూత పెట్టింది. ఆ పని చేసేటప్పుడు అమ్మా నేనూ పక్కనే ఉన్నాం. మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. తెల్లారి నాన్న మూత తీశాడు. లోపల రొట్టె లేదు, నీళ్లూ లేవు. తెల్లగా, జిగురుగా ఏదో ఉంది. నాన్న వేలు పెట్టి పైకెత్తితే అది సాగింది.

"ఇదేటమ్మా? గోడలకి ఓట్ల కాగితాలు అంటించుకుంటావా?" అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఉల్లిపాయ ఒక్కటీ కొరుక్కుని వెళ్లిపోయాడు. అయ్యవారిని చేయబోతే కోతి అయిందని దీదీకి చెబితే, "ఓ మా! రుటీకి పాంతానా!" అని గుమ్మం పట్టుకుని నవ్వింది. నాన్నమ్మ మాత్రం ఆ గిన్నె బోర్లించడానికి మనసు రాక చాలాసేపు పట్టుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం నాన్న పనినుంచి వచ్చి చొక్కా విప్పకుండానే చెప్పేశాడు.

"రైలు పాసుకి రాసిచ్చినాను. శనోరం ఒంటిపూట. మజ్జానం కూతకి ఇంటికొచ్చి మిమ్మల్ని బండెక్కిస్తాను. ముగ్గురూ ఊరెల్లిపోండి. అక్కడైతే బియ్యం ఉన్నాయి. నానొక్కడినీ ఏదోటి తింటాను."

మా ఊళ్లో అయిదు వరకే బడి. ఆ పైన చదవాలంటే ఏరు దాటాలి, ఆడపిల్లని ఏరు దాటించి చదివించినవాళ్లు మా వంశంలో లేరు. ఇక్కడ మా తెలుగు బడి క్వార్టర్ల వెనకే. నా చదువు సంగతేమిటని అమ్మ నసిగింది. "బియ్యం వచ్చినాక సదువుకోవచ్చు. సదువెక్కడికి పోద్ది?" అన్నాడు నాన్న. చదువు ఎక్కడికీ పోదు, నేను పోతాను. ఆ మాట పైకి అనడానికి ధైర్యం లేక లోపల్లోపల కుతకుతా ఉడికిపోయాను. ఈరోజుకీ ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఊరంటే ప్రాణం పెట్టే నాన్నమ్మ ఎగిరి గంతేస్తుందనుకున్నాను. రోజుకి పదిసార్లు ఈ ఊరిని ఇనపూరు, బొగ్గూరు అని తిట్టే మనిషి. ఆవిడ గోడకి చేరగిలబడి అడిగింది:

"ఊళ్లో బియ్యం ఉన్నాయిరా. ఎవులింట్లో ఉన్నాయి?"

నాన్న అప్పుడు చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

"మనింట్లో ఉన్నాయా? సెంటు బూమి ఉన్నాదా మనకి? నీ అయ్య నిన్నూ నన్నూ తీసుకుని బండెక్కినాడంటే, ఆ ఊళ్లో తిండెక్కువై ఎక్కినాడేటి? టెంకపిండి అంబలి కాసి తాగించినాను నీకు. మావిడి టెంకలు. నీకు గుర్తు నేదు."

"ఐతే నన్నేటి సెయ్యమంటావు?" నాన్న గొంతు పెరిగింది. "సేతిలో సమ్మెట జారితే ఎదటోడి కాలు పోద్ది. నా కడుపు నిలబడాలి గదా!"

ఎవరి కోపంలోనూ తప్పు లేదు. అందుకే ఆ గొడవ ఎటూ తేలలేదు.

నేను చేయగలిగింది నేను చేశాను. ప్రతి రాత్రీ నాన్న ముందు కూర్చుని, "అమ్మా, రొట్టె ఎంత బావుందే! ఇంకోటి వెయ్యవే!" అని లొట్టలు వేసేదాన్ని. మూడో రాత్రి నాన్న తన పళ్లెంలో రొట్టె తీసి నా పళ్లెంలో వేశాడు. నోరు మూసుకుని అదీ తినాల్సి వచ్చింది.

నాన్నమ్మ మాత్రం చేటలో గోధుమలు పోసుకుని వసారాలో కూర్చునేది. ఏరేది కాదు, చూసేది. ఒకనాడు నేను బడినుంచి వచ్చేసరికి, "ఒసే, ఇది బియ్యం కాదే," అంది.

"ఆ సంగతి ఊరందరికీ తెలుసు," అన్నాను. అసలే చిరాగ్గా ఉన్నాను.

"తెలుసుంటే బియ్యానికి సేసినట్టు దీనికి ఎందుకు సేసినాం? మీ నాన్న ఈ ఊరొచ్చి బియ్యం మనిషైపోనాడు గానీ, మన తాతల కాడ్నించి వరన్నం పండక్కి తిన్నోళ్లం. మామూలు రోజు ఏటి తాగినాం? సోడంబలి. ఇది సోడి లాంటిదే. లెగు, తిరగలి మీంచి లెగు."

నేను కూర్చున్నది తిరగలి మీదే. ఊరినుంచి వచ్చేటప్పుడు ఆవిడ ఆ రాతిని రైల్లో మోయించుకొచ్చిందని మా వీధిలో అప్పటికీ నవ్వేవాళ్లు. ఆవిడ చెప్పే సోడి అంటే రాగులు, వాటిని ఈ ఊళ్లో ఎవరూ విసరరు. అందుకని అది నాకు చదువుకునే పీట అయింది. దానికి పిడి ఎప్పుడో విరిగిపోయింది. దీదీని అడిగితే పాత గొడుగు కర్ర ఇచ్చింది. బెంగాలీ వాళ్లింట్లో ఏం లేకపోయినా విరిగిన గొడుగు ఉంటుంది. ఆ కర్ర దిగ్గొట్టి, నాన్నమ్మా నేనూ ఎదురుబొదురుగా కూర్చుని విసిరాం.

మొదటిసారి పచ్చి గోధుమలే విసిరాం. అంబలి ఉండలు కట్టింది, పులుపు పళ్లు జివ్వుమనేలా ఉంది. దాన్ని మేమే గుట్టుగా తాగేశాం, పారబోసే రోజులు కావు. రెండోసారి గోధుమలు దోరగా వేయించి విసిరింది. జల్లించి నూక ఒక పక్కన, పిండి ఒక పక్కన పెట్టింది. పిండిని నీళ్లలో కలిపి ఒక రోజంతా పులవనిచ్చింది. మర్నాడు నూక ఉడుకుతుంటే ఆ పులిసిన పిండి పోసి, తెడ్డుతో తిప్పుతూనే ఉంది. కమ్మటి వాసన వచ్చింది. అన్నం వాసన కాదు, రొట్టె వాసన కాదు. వాసనకి దీదీ కూడా వచ్చింది. చల్లారిన అంబలి ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగి, కళ్లు మూసుకుని, "పాంతా కాదు మాశీమా," అంది నాన్నమ్మతో. ఇంకో గుక్క తాగి, "కింతు భాలో," అంది. కానీ బావుందని.

నాన్నకి పెట్టేద్దామని నేను ఎగిరాను. నాన్నమ్మ వద్దంది. "ఒక్కపాలి నవ్వినోడు రెండోపాలి తినడు. బాగా కుదిరినాకే పెడతాను." అలా కుదిరేసరికి శుక్రవారం అయిపోయింది. అమ్మ పెట్టె సర్దేసింది. పుస్తకాలు వద్దన్నా వినకుండా చీరల అడుగున కుక్కేశాను. నాన్నమ్మ పాత చీరలో తన మూట తనే కట్టుకుని గుమ్మం పక్కన పెట్టింది. ఆ మూట చూశాక నాలో మిగిలిన ఆశ కూడా నీరుగారిపోయింది. ఈవిడ కూడా ఓడిపోయిందనుకుని, ఆవిడతో మాట్లాడడం మానేశాను.

శనివారం పొద్దున నాన్నమ్మ నాన్న ముందు అంబలి పోసిన ఇత్తడి గిన్నె పెట్టింది. నాన్న మూత తీసి చూశాడు, తల్లి ముఖం చూశాడు. గిన్నె ఎత్తి తాగాడు. రెండోసారి పోస్తే అదీ తాగాడు. ఉల్లిపాయ, మిరపకాయ, చివర నీళ్లు, అన్నీ అయ్యాయి. మీసం తుడుచుకున్నాడు. బావుందనలేదు, బాగోలేదనలేదు. సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఒక్క మాట అంటే ఏం పోయేదని నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు తెలుస్తోంది, ఆయనకి మాత్రం అప్పుడేం తెలుసు? బావుందో లేదో నాలుక చెప్పాలి గానీ, నిలబడిందో లేదో పది గంటలప్పుడు కొలిమి దగ్గర కడుపు చెప్పాలి.

మేం ముగ్గురం పెట్టె చుట్టూ కూర్చున్నాం. నేను బడికి వెళ్లలేదు, వెళ్లినా ఏం లాభమని. పది దాటింది. పదకొండు దాటింది. బడి వైపునుంచి పిల్లలు ఎక్కాలు వల్లించడం వినబడుతూనే ఉంది. మధ్యాహ్నం కూత వేసింది. కాసేపటికి సైకిల్ గుమ్మం ముందు ఆగింది. నాన్న లోపలికొచ్చి పెట్టె వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

"ఇయ్యాల బడికి ఎందుకెల్నేదే?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అమ్మకి ముందు అర్థమైంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆకలెయ్యనేదమ్మా," అన్నాడు నాన్న, తల్లితో. చిన్నపిల్లాడు చెప్పినట్టు చెప్పాడు. "మజ్జానం కూతదాకా ఆకలెయ్యనేదు. సోమారానికి పిండి నానబెట్టు."

నేను బావురుమన్నాను. సంతోషానికి కూడా అంత గట్టిగా ఏడుస్తారని అప్పుడే తెలిసింది. పెట్టె తెరిచి పుస్తకాలు ఒక్కొక్కటీ బయటికి లాగుతుంటే, చీరలకన్నా అవే ఎక్కువున్నాయని నాన్న నవ్వాడు. చాలా వారాల తర్వాత ఆయన నవ్వడం చూశాను. ఏడాదికి వచ్చేవే కొద్ది పాసులు, ఒకటి దండగైందని అమ్మ సన్నగా సణిగింది.

నాన్నమ్మ అప్పటికే గుమ్మం పక్క మూట దగ్గరికి పాక్కుంటూ వెళ్లింది. ముడి విప్పి చేట దగ్గరికి లాక్కుంది. మూటలోంచి గలగలా చేటలోకి రాలాయి, ఆ వారం రేషన్ గోధుమలు. ఒక్క చీర లేదు, ఒక్క రవిక లేదు.

"ఊరికి గోధుమలు మోసుకెల్దామనుకున్నారేటి అత్తా?" అంది అమ్మ తెల్లబోయి.

"ఊరికెవులెల్తన్నారే?" అంది నాన్నమ్మ, రాళ్లు ఏరుతూ. "మూట బరువు నేకపోతే నాను ఎల్తన్నానని నా కొడుకు నమ్ముతాడేటి?"