ఎండకు పెరిగే పాదం

ఓబుళేశు మనుషుల మొహాలు చూడడు, కాళ్లు చూస్తాడు. లంకమల అడవిలో వాచరుగా చేరి ఇరవై ఏండ్లయింది. ఏండ్ల తరబడి ఎవరి కంటా పడని కలివికోడి అనే పిట్ట ఏదో ఒకనాడు నడిచిపోతుందని, బాట పక్కన జల్లించిన మట్టి పరిచి, సాయంత్రం చీపురుతో నున్నగా చేసి, పొద్దున్నే దాని పక్కన బోర్లా పడుకుని అడుగులు చదవడం అతని ఉద్యోగం. కోడి రాలేదు. చదివే అలవాటు మాత్రం ఊరి మీద పడింది.

పాస్టరు హెన్రీ ఎదురుపడితే దండం పెట్టకముందే, ఎడమ చెప్పు కరుస్తోంది కదా అంటాడు. దేవేంద్రప్ప భార్య అలిగి పుట్టింటికి పోయిన సంగతి దేవేంద్రప్ప కంటే ముందు అతనికే తెలిసింది. వాకిట్లో మడమలు లోతుగా దిగాయట. సొంత మేనకోడలి పెండ్లిలో పెండ్లికొడుకు ముందే నిలబడి, పెండ్లికొడుకు యాడని అడిగాడు. ఆ పిల్లవాడు బూట్లు విప్పాకే, "ఓ, నువ్వేనాప్పా!" అన్నాడు.

ఓబుళేశు ఒక్క అడుగైనా తప్పు చదివాడని ఊళ్లో ఎవరూ అనలేరు. అతనికున్న ఆస్తి అదే. కృపమణి భయమూ అదే.

కృపమణి ఇల్లు అడవి కంచెకు ఆనుకుని ఉంటుంది. పోయినేడు కన్నుమూసే ముందు మొగుడు ఏసన్న మైదుకూరు సంత నుంచి చంకలో పెట్టుకొచ్చిన మేకపిల్ల రాణి, ఇప్పుడు తాడు కొరికే ఈడుకొచ్చింది. ఒకరోజు తెల్లారేసరికి కంచె దూరి, ఆ నున్నటి మట్టి మీద అటూ ఇటూ షికారు చేసింది. కృపమణి ఉత్త కాళ్లతో పరుగెత్తి, దాన్ని ఈడ్చుకొచ్చి వంటింట్లో కట్టేసిందో లేదో, జీపు వచ్చి ఆగింది. అడవిలో అడుగుపెట్టిన మేకను పట్టుకుపోతానని మొన్ననే ఊళ్లో చెప్పిపోయిన కొత్త ఆఫీసరు హర్షవర్ధన్ దిగాడు. వెనకాలే ఓబుళేశు.

కృపమణి కంచె పక్కన వంగి పిడకలు ఏరసాగింది. అక్కడ పిడకలు లేవు.

ఓబుళేశు బోర్లా పడుకున్నాడు. ఎప్పటికన్నా ఎక్కువసేపే చదివాడు.

"కొండగొర్రె సార్. నాలుగు కొమ్ములుంటాయి, ఆ జింక."

"మరి ఈ మనిషి అడుగులు?"

"నావే సార్."

ఆఫీసరు మట్టిలోని చిన్న అడుగును చూశాడు. చేటంత ఉన్న ఓబుళేశు పాదాన్ని చూశాడు.

"పొద్దున పూట నా కాలు ఇంతే ఉంటాది సార్. ఎండకు పెరుగుతాది."

వంటింట్లో రాణి అరిచింది. కృపమణి దగ్గింది. రాణి మళ్లీ అరిచింది. కృపమణికి ఎడతెగని దగ్గు పట్టుకుంది.

కొండగొర్రె మీద ఆశ పుట్టిన ఆఫీసరు అక్కడ కెమెరా కట్టించాడు. నెల రోజుల పాటు అందులో పడింది బోర్లా పడుకున్న ఓబుళేశు ఒక్కడే. ఊరు పగలబడి నవ్వింది. దేవేంద్రప్ప ఇన్నాళ్ల కసీ టీ కొట్టు దగ్గర తీర్చుకున్నాడు.

"ఏమప్పా, మేక కాలు గూడా తెలీకపాయనే నీకు?"

ఓబుళేశు దేవేంద్రప్ప కాళ్లు చూస్తూ టీ తాగాడు.

ఆ సాయంత్రమే కొత్త తాడు పట్టుకుని కృపమణి వాకిట్లోకి వచ్చాడు. ఆమె మొహమెత్తలేక అతని పాదాలనే చూస్తూ నిలబడింది.

"నీ కొండగొర్రెకు గట్టి తాడు తెచ్చినా కృపమ్మా," అన్నాడు. "మళ్లా వచ్చిందంటే, ఇంకో రెండు కొమ్ములు యాడ తెచ్చేది నేను?"