కంప్యూటరుకి ఒంట్లో బాగోలేదు

మా శివరామకృష్ణ గారు ఏ జవాబునూ ఒక్కసారికి నమ్మరు. అడిగిన ప్రశ్ననే ముక్కలు చేసి మళ్లీ అడుగుతారు. అదే జవాబు వస్తే సరే. మారిందా, ఇంకా చిన్న ముక్కలు చేస్తారు. ఎదుటివాడికి ఓపిక నశించేదాకా ఇదే వరస.

రాజమండ్రి దానవాయిపేటలో మా ఇద్దరికీ కలిపి ఓ చిన్న బిల్డింగు డిజైన్ ఆఫీసు ఉండేది. రెండువేల సంవత్సరం నాటి మాట. ఆయన రోజూ కొవ్వూరు నుంచి బస్సులో వంతెన దాటి వచ్చి, ఆఫీసు మెట్లెక్కక ముందే వీధి చివరి హోటల్లో మొదలుపెట్టేవారు.

"పెసరట్టు వేడిగా ఉందా బుల్లియ్యా?"

"పొగలు కక్కుతోందండీ."

"నడుమా, అంచులా?"

"నడుమ వేడేనండి. అంచులు మీరు అడిగేలోపు చల్లారిపోయాయండి."

ఇంట్లోనూ తేడా లేదు. ఆయన భార్య సంపూర్ణమ్మ గారు నాకెప్పుడూ చెప్పేవారు. "పెళ్లిచూపుల్లో నేను నచ్చానా అని అడిగారండి అన్నయ్యగారూ. తలూపాను. అక్కడితో ఊరుకోవచ్చుగా? ఎత్తు నచ్చిందా అన్నారు. నచ్చిందన్నాను. ఉద్యోగం? నచ్చింది. మీసం? నోరు జారి, లేదన్నాను." పెళ్లిపీటల మీదికి ఆయన మీసం నున్నగా గీయించుకుని వచ్చారట. ఆ తర్వాత మళ్లీ పెంచలేదు.

ఆయన పని కూడా ఆయన కోసమే పుట్టినట్టుండేది. కట్టబోయే స్లాబును కంప్యూటరులో చిన్న చిన్న ముక్కలుగా కోస్తాం. ఒక్కో ముక్క బరువుకి ఎంత వంగుతుందో అది లెక్కగట్టి, అన్నీ అతికించి, ఎక్కువ వంగే చోట ఎరుపు పెట్టి రంగుల బొమ్మ వేసి చూపిస్తుంది. ముక్కలు పెద్దవైతే లెక్క మోటుగా వస్తుంది, చిన్నవైన కొద్దీ నిగ్గు తేలుతుంది. ఊళ్లో చాలామంది ఒకసారి కోసి, బొమ్మ ప్రింటు తీసి, కట్టించుకునే పార్టీ చేతిలో పెట్టేసేవారు. ఈయన మాత్రం "మళ్లీ అడుగుదామండీ" అనేవారు. అప్పటి కంప్యూటరు ఒక జవాబు చెప్పేలోపు మేం భోంచేసి ఓ కునుకు తీసి లేచేవాళ్లం.

పార్టీ ఎదురుగా కూర్చుని ఉండగా మళ్లీ అడగాల్సి వస్తే మాత్రం ఒక సాకు చెప్పేవారు. "కంప్యూటరుకి పొద్దుట్నుంచి ఒంట్లో బాగోలేదండీ." ఇది విని విని నేను రిపేరు బంగార్రాజును పిలిపించాను. అతను పెట్టె విప్పి, దుమ్ము ఊది, మళ్లీ బిగించాడు. "దీనికే రోగమూ లేదండీ. మీకంటే ఆరోగ్యంగా ఉంది" అని వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా దానికి మళ్లీ ఒంట్లో బాగోలేదు.

ఆ రోజుల్లోనే జగపతిరాజు గారు రావులపాలెం దగ్గర కల్యాణమండపం కట్టిస్తానని వచ్చారు. హాల్లోకి పొడుచుకొచ్చే పెద్ద బాల్కనీ కావాలి, కింద స్తంభం ఒక్కటీ అడ్డం ఉండకూడదు. ఆ పనిని శివరామకృష్ణ గారు కొత్తగా చేరిన హారతికి అప్పగించారు. ఆ అమ్మాయికి అదే మొదటి ఉద్యోగం, అదే మొదటి డిజైను.

"చిన్నపిల్ల చేతిలో పెట్టారేంటండీ? ఎక్కడైనా తేడా కనపడితే పని కాకినాడ వాళ్లకి ఇచ్చేసుకుంటానండీ" అన్నారు రాజుగారు, ఆ అమ్మాయికి వినపడేలాగే.

లెక్క తేలే రోజున ఆయన చక్కెరకేళి గెల పట్టించుకుని వచ్చి మరీ కూర్చున్నారు. హారతి బొమ్మ చూపించింది. బాల్కనీ ఎక్కడా ఎరుపన్నదే లేకుండా పచ్చగా, నీలంగా చల్లగా ఉంది. వంగీ వంగనట్టు వంగింది. రాజుగారు తృప్తిగా ఓ పండు వలిచారు. శివరామకృష్ణ గారు బొమ్మ వంక ఒక్క క్షణం చూశారు.

"మళ్లీ అడుగుదామమ్మా."

"కంప్యూటరు చెప్పింది కదండీ?" అన్నారు రాజుగారు.

"దానికి పొద్దుట్నుంచి ఒంట్లో బాగోలేదండీ."

హారతి ముక్కలు చిన్నవి చేసింది. రాజుగారు గెలలో ఓ అత్తం పళ్లు ఖాళీ చేశారు. చివరికి జవాబు వచ్చింది.

"మారలేదు సార్" అంది హారతి. మొహం వెలిగిపోతోంది. నేనూ ఊపిరి పీల్చుకున్నాను. ఆయన పద్ధతి ప్రకారమే ఇక నమ్మేయాలి.

"మళ్లీ అడుగుదామమ్మా" అన్నారాయన.

రాజుగారు సగం వలిచిన పండు పట్టుకుని నా వంక అనుమానంగా చూశారు. హారతికి కాకినాడ కళ్లముందు కనపడి ఉంటుంది, పాపం.

"ఇంకా చిన్న ముక్కలా సార్?"

"ముక్కల జోలికి వెళ్లకమ్మా. ఈసారి వెనక గోడలో స్తంభాల్ని అడుగు, ఎంత మోస్తున్నాయో. అవి మోస్తున్నదీ, మోయాల్సిందీ ఒకటేనా అని చూడు."

ఆ అమ్మాయి కాగితం మీద కూడింది. కూడుతూ కూడుతూ పెన్సిల్ ఆపేసింది.

"సార్, ఇవి కాంక్రీటు బరువే మోస్తున్నాయి. బాల్కనీలో మనుషులు లేరు."

"మనుషులు లేకపోవడమేంటమ్మాయ్?" అన్నారు రాజుగారు.

"ఖాళీ బాల్కనీకి లెక్క వచ్చిందండీ. తలంబ్రాల వేళకి అంతా లేచి అంచు దగ్గరికి వచ్చేస్తారు కదండీ. ఆ బరువు ఇందులో లేదు. దూలాలు లావు చెయ్యాలండీ."

రాజుగారు నోరు విప్పేలోపే శివరామకృష్ణ గారు అందుకున్నారు. "చూశారా రాజుగారూ? కంప్యూటరు రెండుసార్లూ ఒకే పాట పాడింది. మా అమ్మాయి పట్టేసింది."

రాజుగారు చేతిలోని పండు గెల పక్కన పెట్టారు. "మా చుట్టాలు ఒక్కొక్కరు ఎలా ఉంటారో దానికేం తెలుసండీ. నా హాలు ఈ అమ్మాయే చూడాలి" అని, మిగిలిన గెలంతా హారతి బల్ల మీద పెట్టించి వెళ్లారు.

సాయంత్రం శివరామకృష్ణ గారిని పట్టుకున్నాను. "జవాబు మారకపోయినా మళ్లీ అన్నారేంటండీ?"

"బొమ్మ చూడగానే తెలిసిందండీ. అంత బాల్కనీ జనంతో ఉంటే అంత తక్కువ వంగుతుందా? మనుషుల్ని పెట్టకుండా ఎన్ని ముక్కలు చేసినా అదే జవాబు వస్తుంది."

"అప్పుడే చెప్పొచ్చు కదండీ?"

"నేను చెబితే తప్పు చేసింది హారతి. హారతి చెబితే తప్పు పట్టింది హారతి. రాజుగారి ముందు రెండూ ఒకటేనా?"

అప్పుడు వెనక్కి తిరిగి ఆలోచించుకున్నాను. ఆ కంప్యూటరుకి జబ్బు చేసిన ప్రతిసారీ పార్టీ ఎదుట కొత్తవాళ్లెవరో బిక్కమొహం వేసుకుని ఉన్నారు. బంగార్రాజు మాట నిజమే. ఇన్నేళ్లు విసుక్కున్న మనిషి మీద నాకు ఒక్కసారిగా చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

కల్యాణమండపం లేచింది. మొదటి పెళ్లికి రాజుగారి చుట్టాలంతా బాల్కనీ ఎక్కారు, అది కిక్కురుమనలేదు. ఆ సంతోషంలో ఆయన పక్కనే లాడ్జి మొదలుపెట్టి, దాని మీద కట్టే నీళ్ల ట్యాంకు లెక్క శివరామకృష్ణ గారే స్వయంగా చెయ్యాలని పట్టుబట్టారు. ఆయన చేశారు. రాజుగారు మళ్లీ గెలతో వచ్చారు. శివరామకృష్ణ గారు బొమ్మ చూపిస్తుంటే, పక్కన నిలబడ్డ హారతి తొంగి చూసి చిన్నగా దగ్గింది.

"సార్, కంప్యూటరుకి పొద్దుట్నుంచి ఒంట్లో బాగోలేదు సార్."

ఆయన కళ్లజోడు పైకి తోసుకుని ఆ అమ్మాయి మొహం చూశారు. తర్వాత బొమ్మ చూశారు. ట్యాంకు కింది స్తంభాల్ని అడిగారు. కూడారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"రాజుగారూ, ట్యాంకులో నీళ్లు పొయ్యడం మర్చిపోయిందండీ మా కంప్యూటరు."

"ముందు దాన్ని మంచి డాక్టరుకి చూపించండీ. ఖర్చు నేను పెట్టుకుంటాను" అన్నారు రాజుగారు.

"అక్కర్లేదండీ" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. హారతి గెలలోంచి ఒక పండు వలిచి శివరామకృష్ణ గారి చేతిలో పెట్టింది. తియ్యగా ఉందా అని ఆయన అడగలేదు, తినేశారు.