నా ఛాతీని కొలిచిన దారం

ఆ కాలంలో మా వైపు కుర్రవాడికి సర్కారు కొలువు దొరకాలంటే చదువు కన్నా ఛాతీ ముఖ్యం. చదువు నాకు ఉర్దూ నాలుగో జమాతు దాకా ఉంది, ఛాతీయే లేదు. చొక్కా విప్పితే పక్కటెముకలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకోవచ్చు ("పిల్లగాళ్లకు లెక్కలు నేర్పనీకి పనికొస్తడు" అని మా నాయనమ్మ ఎగతాళి చేసేది). అలాంటి నేను పోలీసు జవానును కావాలనుకున్నాను. కృష్ణ ఒడ్డున, ధరూరు దగ్గర మాది చిన్న ఊరు. ఉన్న మెట్ట చేను మా అన్న కాపురానికే చాలీచాలనిది. యుద్ధం రోజులు. వనపర్తిలో పోలీసు భర్తీ జరుగుతుందని కబురు వచ్చింది. ఆ ఏడు తప్పితే నాకు వయసు మించిపోతుంది, ఇక జన్మంతా అన్న వెనక నాగలి పట్టుకోవడమే. నాగలి తక్కువ పనని కాదు. కాని ఖాకీ నిక్కరు, నడుముకు ఇత్తడి బిళ్ల పట్టీ, కాళ్లకు బూట్లు వేసుకుని ఒక్కసారైనా మా ఊరి బాట మీద టకటకా నడవాలని నాకు ఎంత ఆశగా ఉండేదో చెప్పలేను.

నన్ను తయారు చేసే భారం మా చిన్నాయన నెత్తిన వేసుకున్నాడు. ఆయన కొన్నాళ్లు ఫౌజులో ఉండి వచ్చినవాడు కనుక ఊరంతా హవల్దారు అనే పిలిచేది (ఫౌజులో ఆయన చేసింది వంటపని అని నాకు చాలా ఏళ్లకు తెలిసింది). తెల్లవారకముందే లేపి ఏటి ఇసుకలో ఉరికించేవాడు. తర్వాత దండీలు, ఆ తర్వాత బైఠకులు. బైఠకులంటే ఏమిటో అని భయపడ్డాను గాని, తీరా చూస్తే బడిలో పంతులు తీయించిన గుంజీలే. వాటిలో నాకు ముందునుంచే మంచి అనుభవం ఉంది. చిన్నాయన మాత్రం ఒడ్డున బండ మీద కూర్చుని బీడీ కాలుస్తూ, "దమ్ము పెంచాలెరా, దమ్ము! సీనా ఫులావ్!" అని అరిచేవాడు. ఆ అరుపుకు నేను గాలి పీల్చి ఛాతీ ఉబ్బించి, కళ్లు తేలవేసేదాకా బిగబట్టేవాణ్ణి.

భర్తీలో ఛాతీ ముప్పై మూడంగుళాలు ఉండాలట. మా ఇంట్లో అంగుళాలు కొలిచే ఫీతా ఎక్కడిది? చిన్నాయన గద్వాల పోయి ఒక దర్జీ దగ్గర గట్టి నూలు దారం మీద ముప్పై మూడంగుళాలు కొలిపించి, రెండు కొసలా రెండు ముడులు వేయించుకొచ్చాడు. నేను ఊపిరి బిగబట్టినప్పుడు దారం ఛాతీ చుట్టూ తిప్పితే రెండు ముడులూ సరిగ్గా కలవాలి, అంతే. మొదటి సోమవారం చుట్టి చూస్తే నాలుగు వేళ్ల దారం మిగిలిపోయింది. చిన్నాయన తన బీడీ ఆరిపోయినా చూసుకోలేదు. ఆ పూట నాకు అన్నం సయించలేదు, గోడకేసి తిరిగి పడుకున్నాను. అమ్మ వచ్చి రెండుసార్లు లేపి, లేవకపోతే తల నిమిరి పోయింది. దారాన్ని మధ్యగదిలో మేకుకు తగిలించారు.

రెండో సోమవారం మూడు వేళ్లే మిగిలింది. నా సంబరం చూడాలి! నానబెట్టిన పల్లీలు, సజ్జరొట్టె, గడ్డపెరుగు, ఏది పెడితే అది తిన్నాను. మూడో సోమవారానికి ఒక్క వేలు. నాలుగో సోమవారం ముడులు కలవడం కాదు, వాటి మధ్య రెండు వేళ్ల ఎడం వచ్చింది, అంటే నా ఛాతీకి దారమే చాలలేదన్న మాట! చిన్నాయన మీసం దువ్వుకుంటూ, "చూసిండ్రా, నా తాలీం అంటే గట్లుంటది!" అని వాకిట్లో పోయేవాళ్లందరికీ చెప్పాడు. నేను ఊళ్లో చేతులు శరీరానికి ఆనకుండా ఎడంగా పెట్టి నడవడం మొదలుపెట్టాను (పహిల్వాన్లు అలా నడుస్తారని ఎవరో చెప్పారు). ఒక పెద్దమనిషి నన్ను "ఏం జవాన్, గిట్ల వస్తున్నవు?" అని పలకరించాడు కూడా.

భర్తీ నాటికి నేనూ చిన్నాయనా పుట్టిలో కృష్ణ దాటి, నడిచి వనపర్తి చేరాం. పరుగులో నేను మూడోవాణ్ణి వచ్చాను, ఏటి ఇసుక చలవ అది. తర్వాత ఛాతీ కొలతకు వరుసలో నిలబెట్టారు. కొలిచే జమేదారు ఫీతా చుట్టి, "సీనా ఫులావ్" అన్నాడు. ఎంతో చిరపరిచితమైన మాట! చెవులు గుయ్యిమనేదాకా గాలి పీల్చాను. ఆయన ఫీతా చూశాడు, నన్ను చూశాడు. "బేటా, ఫులావ్" అన్నాడు మళ్లీ. "ఫులాయించిన సాబ్" అన్నాను ఊపిరి వదలకుండానే, పీలగొంతుతో. వెనకవాళ్లు ఘొల్లుమన్నారు. మూడంగుళాలు తక్కువ. చొక్కా వేసుకుని పక్కకు పొమ్మన్నారు.

ఇంటికి రాగానే నేను ఒకటే మాట, "గా ఫీతానే ఖరాబైంది." అమ్మ వంటింటి గడపలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఫీతా ఖరాబు కాలేదు కొడుకా. నువ్వు తింటలేవని నేనే గా ముడిని జరిపిన. రెండుమాట్ల జరిపిన, ఒక్కో వేలు" అని ఏడ్చింది. ఆమె ఏడుపు చూడలేక నాయనమ్మ, "ఊకో పిల్లా, నేను గూడ ఒక వేలు జరిపిన. పోరడు పరేషాన్ అయితుండని" అంది. చిన్నాయన చాలాసేపు గొంతు సవరించుకున్నాడు. "ఊరంత నవ్వుతదని నేను గూడ జర జరిపిన. రెండు వేళ్లే" అన్నాడు. నాకు కోపం రావాలి. రాలేదు. ఒకరికి తెలియకుండా ఒకరు, ముగ్గురూ ఆ మేకు దగ్గరికి పిల్లుల్లా వెళ్లి వచ్చిన దృశ్యం తలచుకుంటే నవ్వొచ్చింది. నేను నవ్వేసరికి అందరూ నవ్వారు, అమ్మ కళ్లు తుడుచుకుని పళ్లేలు పెట్టింది.

అందరం అన్నానికి కూర్చున్నాక చిన్నాయనకు అనుమానం వచ్చింది. "ఆగుండ్రి. మూడంగుళాలంటే నాలుగు వేళ్లు. అంటే వీని ఛాతీ ఇసుమంత గూడ పెరగలేదు. మొదట నాలుగు వేళ్లు మిగిలె, ఆఖరుకు రెండు వేళ్లు చాలకపాయె. దారం ఆరు వేళ్లు తగ్గినట్టు. వదిన రెండు, అమ్మ ఒకటి, నేను రెండు. అయిదే అయితున్నయి. ఇంకో వేలు ఏడ వాయె?" ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "నాకు తెల్వదు" అంటే "నాకు తెల్వదు" అన్నారు. నేను తల పళ్లెంలోకి వంచి ముద్ద మీద ముద్ద మింగుతున్నాను. "ఎలుక కొరికుంటది" అని నాయనమ్మ తేల్చేసింది. "ఎలుక కొరికితే మళ్లీ ముడి ఎవరేస్తరే?" అని అడగాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు, లేక తోచినా అడగలేదేమో.

మరునాడు మధ్యగదిలో బోను పెట్టారు. పాపం, ఒక ఎలుక పడింది కూడా. తర్వాత నేను బడిపంతులునై, పిల్లల చేత డ్రిల్లు చేయించి, ఆ పనిలోనే సుఖంగా ముసలివాణ్ణయ్యాను. ఇప్పుడు నా బొడ్డు చుట్టూ ఆ దారం తిప్పితే సగానికి కూడా రాదు. అయినా అందరూ చేనుకు పోయిన ఒక ఆదివారం మధ్యాహ్నం, చెమటలు కక్కుతూ ఒక వేలు మేర ముడి జరిపి, మర్నాడు దారం చుట్టినప్పుడు అందరికన్నా ముందు "పెరిగింది!" అని అరిచిన ఆ కుర్రవాడంటే నాకు ఇప్పటికీ ముద్దే. వాడు ముగ్గురి ముందు ఆ మాట ఒప్పుకుని ఉంటే బాగుండేది. ఆ ముగ్గురూ ఎప్పుడో పోయారు, నేనేమో ఎలుక మీదికి నెట్టి హాయిగా భోంచేశాను.