పనంటేనే దమ్ము

మా అన్న కార్లకు రంగు వేసేవాడు. నల్లగొండలో బైపాస్ రోడ్డు పక్కన అతని షెడ్డు ఉండేది. అతనిదంటే అతనొక్కడిదే కాదు, ఇద్దరిది. సొట్టలు తీసే పని ఒక భాయ్‌ది, రంగు పని అన్నది. ఇద్దరూ కుర్రతనంలో హైదరాబాదులో ఒకే ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నారు. తెలంగాణ వచ్చిన కొత్తలో, మన జిల్లాలోనే మనం బతుకుదామని తిరిగొచ్చి ఈ జాగా కిరాయికి తీసుకున్నారు.

రాష్ట్రం వచ్చాక మా ఊళ్లకు ఏమొచ్చిందో, ఏం రాలేదో ఇప్పటికీ తగాదాలు పడుతుంటారు గానీ, కార్లు వచ్చిన మాట మాత్రం నిజం. కారు కొన్న ప్రతివాడూ మొదటి నెలలోనే దాన్ని ఏ గేటుకో బర్రెకో రాసి తీసుకొచ్చేవాడు. అన్నకు ఏనాడూ పనికి కొదవ లేదు. అతని చేయి అలాంటిది. నాలుగేళ్లు ఎండకు వెలిసిన ఎరుపు ఏ డబ్బాలోనూ దొరకదు. అన్న రెండు మూడు రంగులు కలిపి, ఒక చుక్క గోరు మీద వేసుకుని, కారు పక్కన చెయ్యి ఆనించి చూసేవాడు. తల అడ్డంగా ఊపి మళ్లీ కలిపేవాడు. పని అయ్యాక, ఏ తలుపుకు కొత్త రంగు పడిందో యజమానే పోల్చుకోలేకపోయేవాడు.

రంగు కొట్టేది షెడ్డు వెనక ఉన్న రేకుల గదిలో. రంగు చిమ్మే గన్ను చేతిలోకి తీసుకునే ముందు కారు అద్దాలకు, లైట్లకు, టైర్లకు పాత పేపర్లు చుట్టి, అంచుల వెంట టేపు అంటించేవాడు. ఒక్క తుంపర కూడా వాటి మీద పడకూడదు. ఆ తర్వాత ఫ్యాను ఆపేవాడు. షటరు కిందికంటా దించేవాడు. తడి రంగు మీద దుమ్ము వాలితే పడ్డ కష్టమంతా వృథా. అన్నీ అయ్యాక తన ముక్కుకు ఒక దస్తీ కట్టుకునేవాడు. ఊపిరి తీయని అద్దాలకూ టైర్లకూ అంత కాపుదల, ఊపిరి తీసే మనిషికి ఒక దస్తీ. అప్పట్లో మాలో ఎవరికీ ఇందులో వింత కనపడలేదు. శుభ్రంగా పని చేస్తాడని మెచ్చుకునేవాళ్లం.

మొదట దగ్గు వచ్చింది. తర్వాత సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఛాతీలో పిల్లి కూసినట్టు శబ్దం. మా దిక్కు ఉబ్బసాన్ని దమ్ము అంటారు. ధైర్యాన్ని కూడా దమ్మే అంటారు. ముప్పై అయిదు దాటిన మనిషికి కొత్తగా దమ్ము రావడమేమిటని చుట్టాలంతా ఆశ్చర్యపోయి, వెంటనే తలా ఒక కారణం కనిపెట్టారు. పెరుగు, అరటిపండు, జామకాయ, సీతాఫలం, ఫ్రిజ్‌లో నీళ్లు ఒకదాని తర్వాత ఒకటి అన్న కంచంలో నుంచి మాయమయ్యాయి. మా వదిన ఇంట్లో అగరుబత్తి మానేసింది. పోపు పెట్టాలంటే పొయ్యి బయట అరుగు మీదికి తెచ్చుకునేది. అలవాటుపడ్డ పిల్లిని ఎవరికో ఇచ్చేసింది. దుప్పట్లు రోజూ ఎండలో వేసేది, గచ్చు రెండు పూటలా తడిగుడ్డతో తుడిచేది. ఆ వీధిలో అంత నిర్మలమైన గాలి ఉన్న ఇల్లు మరొకటి లేదు. అన్న అందులో హాయిగా నిద్రపోయి, పొద్దున్నే లేచి షెడ్డుకు వెళ్లేవాడు.

ఆ రోజుల్లోనే నా కొడుకు పుట్టువెంట్రుకలు తీయించడానికి యాదగిరిగుట్టకు వెళ్లాం. అక్కడి నుంచి ఆలేరు పక్కన ఉన్న మా తల్లిగారి ఊరికి. మొత్తం మీద ఒక వారం దాకా అన్న షెడ్డు ముఖం చూడలేదు. గుట్ట ఎక్కేటప్పుడు బాబును భుజాల మీద కూర్చోబెట్టుకుని మా అందరికంటే ముందు పైకి చేరాడు. మేము మెట్టు మెట్టుకూ ఆగి గస పెడుతుంటే పై నుంచి చూసి నవ్వాడు. మా బాపు నడుం మీద చేతులు పెట్టుకుని, వెనక వస్తున్న చుట్టాలకు వినపడేలా అన్నాడు.

"వీనికి పనంటేనే దమ్మొస్తది. సుట్టాలల్ల తిరుగుమంటె గుర్రం లెక్కుంటడు."

అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. ఆ మాట మా ఇంటి పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఏళ్ల తరబడి తిరిగింది. ఊరి నుంచి తిరిగొచ్చి అన్న షెడ్డుకు వెళ్లిన మొదటి సాయంత్రమే దమ్ము మళ్లీ వచ్చింది. బాపు దానికి కూడా జవాబు వెతికాడు. స్వామికి ఏదో మొక్కు బాకీ ఉండి ఉంటుందన్నాడు. అన్న మళ్లీ గుట్టకు వెళ్లాడు, మళ్లీ నాలుగు రోజులు బాగున్నాడు. దాంతో బాపుకు స్వామి మీద గురి, కొడుకు బద్ధకం మీద అనుమానం రెండూ ఒకేసారి పెరిగాయి.

డాక్టర్లకు చూపించకపోలేదు. ఒకాయన సూదులు వేశాడు, ఇంకొకాయన చలువ పడని ఒళ్లు అన్నాడు. ఏం పని చేస్తావని అడిగినవాళ్లకు అన్న "షెడ్డు నడిపిస్త" అని చెప్పేవాడు. అది అబద్ధమూ కాదు, ఉపయోగపడే నిజమూ కాదు. ఒక డాక్టరు నోట్లో పెట్టి పీల్చే నీలం పంపు రాసిచ్చాడు. అది అలవాటైతే చచ్చేదాకా పోదని వీధిలో పెద్దమనుషులు భయపెట్టారు. అన్న దాన్ని జేబులో దాచుకుని, గిరాకీలు చూడకుండా షెడ్డు వెనక్కి వెళ్లి పీల్చుకునేవాడు. ఎవరైనా చూస్తే మనిషికి చాతగావట్లేదని కారు పక్క షెడ్డుకు తోలుకుపోతారని అతని భయం. అదే షెడ్డు వెనక మిగతావాళ్లు సిగరెట్లు ఏ దాపరికం లేకుండా తాగేవారు.

చివరికి వదిన పోరు పడలేక సర్కారు దవాఖానకు వచ్చాడు. తోడుగా నేనూ వెళ్లాను. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, చిన్న వయసు. అన్న మామూలుగానే షెడ్డు నడిపిస్తానని చెప్పాడు. వదిన పక్క నుంచి, కార్లకు రంగు కొడతాడని చెప్పింది. డాక్టరమ్మ తలెత్తి, పండుగలకూ సెలవులకూ ఇంటి దగ్గర ఉన్నప్పుడు ఎట్లుంటుందని అడిగింది. ఎవరైనా వినేవాళ్లు దొరికితే మామగారి మీద చెప్పుకోవాలని వదిన ఎప్పటి నుంచో చూస్తోంది.

"గదే కదా మేడం మా ఇంట్ల రోజు లొల్లి. పనంటేనే దమ్మొస్తదని మా మామ పదిమందిల పరాష్కం ఆడుతడు."

డాక్టరమ్మ రాయడం ఆపింది.

"పరాష్కం గాదమ్మా, రోగం గదే. పనంటేనే వస్తాంది."

తర్వాత ఆమె నిదానంగా చెప్పింది. రంగు గట్టిపడటానికి కలిపే హార్డ్‌నర్ ఉంటుంది కదా, గన్నులో నుంచి వచ్చే ఆ తుంపర కొందరి ఊపిరితిత్తులకు పడదు. ఒకసారి పడకుండా పోయిందంటే ఆ తర్వాత రవ్వంత తగిలినా ముప్పే. దస్తీ దాన్ని ఆపదు. మందులు రెండు ఇస్తున్నాను, నీలం పంపు ఆయాసం వచ్చినప్పుడు, రెండోది వచ్చినా రాకున్నా రోజూ. అన్నిటికంటే ముందు ఆ గదిలోకి వెళ్లడం మానాలి. దీనితో ప్రాణాలు కూడా పోతాయి అని ఆమె అన్నప్పుడు అన్న మర్యాదగా తలూపాడు. గిరాకీ మరీ ముదురు రంగు అడిగినప్పుడు కూడా అతను అలాగే తలూపి, తనకు తోచిందే కలిపేవాడు.

బాపుకు ఈ సంగతి చెబితే మొదట సంతోషించాడు. తాను ఎప్పుడో చెప్పిన మాటనే ఇంత చదువుకున్న డాక్టరమ్మ చెప్పిందని ఊళ్లో నలుగురికి చెప్పుకున్నాడు. చెప్పుకుంటూ చెప్పుకుంటూ ఎక్కడో దాని అర్థం తట్టింది కాబోలు, ఒక రోజు నుంచి చెప్పడం మానేశాడు.

అన్న నిజంగానే గన్ను పక్కన పెట్టాడు. సూర్యాపేట నుంచి ఒక పెయింటర్‌ను పిలిపించి, తాను బయట కుర్చీ వేసుకుని కూర్చుని రంగులు చూసి చెప్పేవాడు. రెండో మందు రోజూ పీల్చాడు. కొన్ని నెలలకు కూత తగ్గింది, మెడ దగ్గర నిండుదనం వచ్చింది. పెరుగు కూడా తిన్నాడు. అసలు కష్టం అక్కడే మొదలైంది. బాగైంది కాబట్టి మందు ఆపేశాడు. మందు ఆపినా బాగానే ఉంది కాబట్టి అప్పుడప్పుడూ గదిలోకి తొంగిచూశాడు. వదినకు ఇవేవీ తెలియవు. గిరాకీలు వచ్చి "గిది నీ చెయ్యి గాదు" అన్నప్పుడల్లా అతని ముఖంలో సిగ్గు, సంతోషం కలిసి కనపడేవని భాయ్ తర్వాత మాకు చెప్పాడు.

దసరా దగ్గరపడింది. ఆ పండుగకు బండ్లకు పూజ చేస్తారు కాబట్టి గీతలు పడ్డ కార్లన్నీ ఆ వారంలోనే షెడ్డుకు వస్తాయి. ఒక కాంట్రాక్టరు తన తెల్ల కారు తెచ్చాడు. సూర్యాపేట పెయింటర్ పండుగకని ఇంటికి వెళ్లిపోయాడు. అన్న, ఒక్క బానెట్టే కదా, ఒక్క కోటే కదా అన్నాడట. భాయ్ వద్దంటే వద్దన్నాడు, గన్ను తీసి అల్మారాలో పెట్టాడు. శుక్రవారం కావడంతో మధ్యాహ్నం మసీదుకు వెళ్లాడు. అల్మారాకు తాళం వెయ్యాలని అతనికి తోచలేదు. నలభై ఏళ్ల మనిషి దగ్గర పనిముట్టు దాచి తాళం వేసేవాళ్లు ఎవరుంటారు?

నమాజు నుంచి వచ్చేసరికి షటరు దించి ఉంది. లోపల కంప్రెసర్ మోగుతోంది, గన్ను శబ్దం మాత్రం లేదు. భాయ్ షటరు ఎత్తాడు. అన్న కారు వెనక చక్రానికి ఆనుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, భుజాలు పైకి ఎగదీసి కూర్చుని ఉన్నాడు. పంపు చేతిలోనే ఉంది. షెడ్డులో నడిచే బండి ఆ పూట ఆ తెల్ల కారు ఒక్కటే. భాయ్ ముందు అద్దం మీది పేపర్లు చింపేసి, దారి కనపడేంత మేర టేపు గోళ్లతో గీకి, అన్నను లేపి లోపల కూర్చోబెట్టాడు. మూడు రోజుల తర్వాత వదిన ముందు కింద కూర్చుని భాయ్ ఈ ఒక్క మాటే చెప్పగలిగాడు.

"మాట్లాడనీకె దమ్ము లేదు చెల్లె. చెయ్యితోని బానెట్ దిక్కు సూపిచ్చిండు. తడి ఉన్నది, ముట్టకు అన్నట్టు."

దవాఖాన దాకా ఊపిరి ఉంది. లోపలికి తీసుకెళ్లిన కాసేపటికి లేదు. అప్పుడు మేమంతా ఇంటి దగ్గర బతుకమ్మకు తంగేడు పూలు విడదీస్తున్నాం.

దవాఖానలో ఇచ్చిన కాగితంలో గుండె ఆగిందని రాసి ఉంది. అందులో తప్పేమీ లేదు. పోయినవాళ్లందరికీ గుండె ఆగే ఉంటుంది. పరామర్శకు వచ్చినవాళ్లు కూడా ఆ మాటే పట్టుకున్నారు. దమ్ముతో ఎవరైనా చస్తారా, ఎన్నేళ్లయినా లాగుతారు గానీ, ఇది గుండెపోటే అన్నారు. ఒకామె మాత్రం క్రితం రోజు అన్న పెరుగన్నం తినడం చూశానని వదిన వినేలా చెప్పింది. కాంట్రాక్టరు వచ్చి మనస్ఫూర్తిగా ఏడ్చాడు. బానెట్ మీద భాయ్ అయిదు వేళ్లూ అచ్చుపడ్డాయని, ఆ కారు ఎక్కాలంటే తనకు మనసొప్పడం లేదని చెప్పాడు. ఆ తర్వాత దాన్ని వేరే ఊళ్లో బాగు చేయించుకున్నాడని విన్నాం. ఒక రోజు బాపు, ఎవరూ అడగకుండానే, "నేను నవ్వులాటకన్న బిడ్డా" అన్నాడు. నాతో అన్నాడో, వదినతో అన్నాడో తెలియలేదు.

దినాలు అయ్యాక వదిన ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది, కాగితంలో దమ్ము అని రాయమని. ఆ పూట నేను లేను, ఇప్పుడు రాయలేను అందామె. వదిన కోపంతో లేచింది. డాక్టరమ్మ ఆమెను మళ్లీ కూర్చోబెట్టి, ఆ రోడ్డు మీద ఈ పని చేసేవాళ్లు ఇంకా ఎందరున్నారని అడిగింది.

వదిన షెడ్డు షెడ్డుకూ తిరిగింది. ప్రతి పెయింటరూ కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, అన్నను తలుచుకుని, తనకు మాత్రం అలాంటిదేమీ లేదని దగ్గుతూ చెప్పాడు. ఒక్కడూ దవాఖానకు కదలలేదు. చివరికి భాయ్ పూనుకున్నాడు. సర్కారు దవాఖానలో షెడ్డు పనివాళ్లకు బలానికి టానిక్ ఇస్తున్నారని ఒక పుకారు వదిలాడు. ఆ వారం అందరూ వచ్చారు. డాక్టరమ్మ టానిక్ ఇవ్వలేదు, ఊపిరి ఎంతుందో కొలిచే ఒక గొట్టం ఇచ్చి గట్టిగా ఊదమంది. పని ఉన్న రోజుల్లో ఒకసారి, సంక్రాంతి సెలవుల నుంచి రాగానే ఇంకోసారి, మళ్లీ పనిలో దిగిన వారానికి మూడోసారి ఊదించింది. పండుగకు పోయి వచ్చాక బాగా ఊది, పనిలో దిగిన వారానికే ఊదలేకపోయినవాడు ఒక్కడు తేలాడు. సూర్యాపేట పెయింటర్.

ఇప్పుడు అతను అదే రోడ్డు మీద కార్లు కడిగే సర్వీసింగ్ పాయింట్‌లో పని చేస్తాడు. భాయ్ తన షెడ్డులో సొట్టలు మాత్రమే తీస్తాడు, రంగు పని ఒప్పుకోడు. వదిన అక్కడే పక్కన టిఫిన్ల కొట్టు పెట్టుకుంది. సూర్యాపేట మనిషి రోజూ పొద్దున దోసె తినడానికి వచ్చి, పైపు పట్టుకుని కార్ల బురద కడిగే బతుకైపోయిందనీ, తనను ఉస్తాద్ అని పిలిచేవాళ్లంతా ఇప్పుడు ఓయ్ అంటున్నారనీ, ఇదంతా ఆమె చలవేననీ చట్నీ అడుగుతూ తిన్నంత సేపూ సణుగుతాడు. ఎందుకు వదినా ఊరుకుంటావని ఒకసారి అడిగాను. ఆమె పెనం మీద దోసె తిప్పుతూనే ఉంది.

"తిట్టనీ" అంది. "తిట్టనీకె మనిషున్నడు గద."